సీసాపై చీటీ – దానిని ముద్రించు యంత్రము

నంద్యాల బజారులో గాని, ప్రొద్దుటూరి అంగడిలో గాని వేరుశనగ నూనె సీసాను చేతికి తీసికొన్నప్పుడు మనము మొదట చూచునది నూనెను కాదు. దానిపై అంటించిన చీటీని, అనగా లేబిలును. చేసినవారెవరు, చేసినదెప్పుడు, తూకమెంత, వెల యెంత అనునవి ఆ చీటీయే చెప్పవలెను. ఆహారపదార్థముల లేబిళ్లను గూర్చిన 2020 నాటి నియమముల ప్రకారము ఆ వ్రాత స్పష్టముగా, చెరగనిదిగా, సులభముగా చదువ వీలైనదిగా ఉండవలెను. తేదీ చెరగిన సరుకును అంగడివాడు త్రిప్పి పంపును; ఆ నష్టము చిన్న ఉత్పత్తిదారునిదే. కనుక చీటీలను ముద్రించు యంత్రమును ఎన్నుకొనుట చిన్న విషయము కాదు.

ఈ యంత్రములు ముఖ్యముగా రెండు విధములు. మొదటి విధమున సిరా లేదు, రిబ్బను లేదు. వేడికి నల్లబడు పూత గల కాగితముపై యంత్రపు తల వేడితో అక్షరములను తేల్చును. ఖర్చు తక్కువ, పని సులువు. కొట్లలో ఇచ్చు రసీదులు పెక్కు ఇట్టివే. రెండవ విధమున రిబ్బనుపై గల రంగు వేడికి కరగి చీటీకి అంటుకొనును.

మన కర్నూలు, కడప సీమలలో వేసవి ఎండ నలువది డిగ్రీలు దాటుట క్రొత్త కాదు. ఎండలో నిలిచిన లారీలోని వేడి అంతకంటె హెచ్చు. వేడికి నల్లబడుటకే పుట్టిన కాగితము అచ్చట ఏమగునో ఊహింపవచ్చును: చీటీ అంతయు మసకబారును. నూనె తగిలినచో, వెలుగు సోకినచో అక్షరములు వెలిసిపోవును. రెండు మూడు దినములలో గమ్యము చేరు పార్సెలుకు మొదటి విధము చాలును; నెలల తరబడి అలమరలో నుండు సరుకునకు రెండవ విధమే తగినది.

రిబ్బనులలోను భేదము కలదు. మైనపు రిబ్బను చౌక. కాగితపు చీటీకి, బియ్యపు సంచికి సరిపోవును. నూనె సీసాకు ప్లాస్టిక్ చీటీయు, దానిపై రెసిను రిబ్బనును వాడవలెను. రాపిడికి, జిడ్డుకు ఓర్చునది అదియే. ఈ రెంటి నడుమ మైనము, రెసిను కలిసిన రిబ్బను ఒకటి కలదు. పచ్చళ్లకు, పొడులకు అది మేలు. ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి చమురు బావుల త్రవ్వకమునకై ఓడలపై విదేశములకు పోవుచున్నది. అట్టి సరుకు సంచులపై చీటీ ఎండను, ఉప్పుగాలిని సహింపవలెను గదా!

అక్షరముల నాణ్యమును అంగుళమునకు ఎన్ని చుక్కలను లెక్కతో కొలుతురు. పెద్ద అక్షరములకు 203 చుక్కలు చాలును. చిన్న అక్షరములు, తెలుగు ఒత్తులు తేటగా కనబడవలెనన్నచో 300 కావలెను. చట్టము కోరు వివరములను హిందీలో గాని ఇంగ్లీషులో గాని ముద్రింపక తప్పదు. తెలుగును అదనముగా చేర్చుకొనవచ్చును.

దినమునకు కొన్ని వందల చీటీలు మాత్రమే కావలసినవారికి బల్లమీది చిన్న యంత్రము చాలును. వేలకొలది అవసరమైనచోట లోహపు ఒడలు గల పెద్ద యంత్రము కొనవలెను. దానిలో 450 మీటర్ల రిబ్బను పట్టును, మాటిమాటికి మార్చు పని తప్పును. రంగుల బొమ్మలకొరకు ఖరీదైన యంత్రము కొననక్కరలేదు. రంగుల చీటీలను ముద్రణాలయములో ఒక్కసారిగా వేయించుకొని, తేదీ, వెల, బ్యాచి సంఖ్యలను మాత్రము ఇంట ముద్రించుకొనుట పొదుపు. మన దుమ్ము ఈ యంత్రములకు శత్రువు. చుట్ట మార్చినప్పుడెల్ల తలను స్పిరిటు అద్దిన మెత్తని గుడ్డతో తుడువవలెను.

చివరగా ఒక్క మాట. డబ్బు చెల్లింపక ముందే అమ్మువానిచే మీ సీసాకు తగిన చీటీని ముద్రింపించి తెచ్చుకొనుడు. దానిని సీసాకు అంటించి, నూనె చేతితో రుద్ది, వారము దినములు మిద్దెపై ఎండలో నుంచుడు. అప్పటికిని తేదీ చదువ వీలైనచో, రిబ్బనులును మరమ్మతును దగ్గరి పట్టణములో దొరకునా యని విచారించి, అటుపిమ్మట కొనుడు. యంత్రము యొక్క గుణమును అమ్మువాని మాటకంటె మన ఎండయే చక్కగా తెలుపును.