పాత కారు ఇంజను ఏల ఆగిపోవును?



పాత కారు గలవారికి మిక్కిలి పరిచితమైన కష్టమొకటి కలదు. బండి రహదారిమీద పోవునప్పుడు ఇంజను చక్కగనే పనిచేయును. కూడలిలో ఎఱ్ఱదీపము చూచి నిలిపినంతనే అది వణకి, రెండు మాఱులు దగ్గి, ఆగిపోవును. వెనుకనున్న లారీలవారు హారనులు మ్రోగింతురు. యజమాని సిగ్గుపడి బండిని మెకానికు నొద్దకు కొనిపోవును. ఆతడు స్క్రూడ్రైవరు తీసి కార్బురేటరు మర నొకదానిని బిగించును. ఇంజను బిగ్గరగా తిరుగును, ఆగదు. జబ్బు కుదిరినదని యజమాని సంతసించును. పది దినములు గడచునప్పటికి కథ మరల మొదటికి వచ్చును.

నేడు నేను విన్నవింపదలచిన ముఖ్యాంశ మొక్కటియే. ఆ మర చిట్టచివర తాకవలసినదే గాని మొట్టమొదట తాకవలసినది కాదు. ఇంజను ఎప్పుడు, ఏ తీరున ఆగుచున్నదో గమనించుటయే సగము వైద్యము.

పాత కారులని నే ననునవి కార్బురేటరు గల పెట్రోలు బండ్లు. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు, 2023 అక్టోబరులో బొంబాయి వీధులనుండి టాక్సీగా సెలవు తీసికొన్న ప్రీమియర్ పద్మిని, తొలినాళ్ల మారుతి 800 ఈ కోవలోనివి. కంప్యూటరు యంత్రమును తగిలించి లోపమును చదువుటకు అలవడిన నేటి మెకానికులకు ఈ బండ్లు కొత్తవి. తప్పు ఎచ్చట నున్నదో ఈ బండి ఏ తెరమీదను వ్రాసి చూపదు. కావున యజమానికే కొంత తెలివి యుండుట అవసరము.

బండి కదలక ఇంజను మాత్రము తిరుగుచుండు స్థితిని మెకానికులు ఐడిలింగు అందురు. మనము దానిని మందగతి యందము. మందగతిలో ఏమి జరుగును? ఆక్సిలరేటరు మీదినుండి కాలు తీయగనే కార్బురేటరులోని గాలితలుపు ఇంచుమించు మూతపడును. ఇంజను సన్నని సందునుండి మాత్రమే ఊపిరి పీల్చును. పెట్రోలు సయితము పెద్ద జెట్టునుండి గాక సూదిబెజ్జము వంటి చిన్న జెట్టునుండి వచ్చును. పెట్రోలు పూర్తిగా మండుటకు ఒక పాలు పెట్రోలునకు తూకమున సుమారు 14.7 పాళ్లు గాలి కావలెను. వేగమున పోవునప్పుడు గాలియు పెట్రోలును విస్తారముగా ప్రవహించును గనుక కొలది లోపములు బయటపడవు. మందగతిలో నట్లు కాదు. జెట్టులో నొక నలుసు, గొట్టమున నొక చీలిక, ప్లగ్గున నొక బలహీనమైన రవ్వ, వీనిలో ఏ యొక్కటియైనను ఇంజనును ఆపివేయగలదు. ఇంజను ఆరోగ్యమునకు మందగతి నాడివంటిది. మర బిగించి వేగము పెంచుట నాడి చూడకయే మందిచ్చుటవంటిది. దానివలన రోగము దాగును, పెట్రోలు వ్యర్థమగును, కొన్ని బండ్లలో తాళము తీసిన పిదపను ఇంజను కొంతసేపు తడబడుచు తిరుగుచునే యుండును.

ఇక నాడి చూచు విధము. మొదట ఆగిన తీరును గమనింపుడు. దీపమార్పినట్లు ఒక్కసారిగ ఆగినచో లోపము తఱచుగా విద్యుత్తునందు, అనగా కాయిలు, కండెన్సరు, పాయింట్లు, తీగలు, వీనిలో ఉండును. దగ్గుచు, కుదుపులతో, శక్తి తగ్గుచు ఆగినచో తఱచుగా పెట్రోలు అందుట లేదని గ్రహింపవలెను.

పిమ్మట ఆగిన వేళను గమనింపుడు. ఉదయమున చల్లని ఇంజను మాత్రమే ఆగుచు, వేడెక్కిన పిదప బాగుగనున్నచో చోకును, దాని తీగను చూడవలెను. అరగంట ప్రయాణమైన పిదప ఆగినచో పెట్రోలు ట్యాంకు మూతను విప్పి చెవి యొగ్గుడు. గాలి బుస్సుమని లోనికి పోయినచో మూతలోని గాలిరంధ్రము పూడిపోయినదన్నమాట. ఖర్చు లేని వైద్య మిది. ఆ రంధ్రమును శుభ్రపఱచిన చాలును.

రోహిణికార్తె యెండలో, బండ్ల రద్దీలో ఆగి, కొంతసేపు చల్లారిన పిదప తిరిగి నడచుచున్నచో రెండు కారణము లుండవచ్చును. ఇంజనునకు తగిలించిన పంపులోను గొట్టములోను పెట్రోలు ఆవిరియై బుడగలు కట్టుట యొకటి. వేడికి కాయిలుగాని కండెన్సరుగాని చెడుట రెండవది. పంపుమీద తడిగుడ్డ కప్పు పాత డ్రైవర్ల యుపాయము మొదటిదానికే పనిచేయును. ఈ రెంటిని వేఱుపఱచు పరీక్ష సులభమైనది. బండి ఆగిన వెంటనే, తాళము తీసి, గాలి ఫిల్టరు మూత నెత్తి, కార్బురేటరు గొంతులోనికి చూచుచు ఆక్సిలరేటరు కడ్డీని చేతితో లాగుడు. సోలెక్సు వంటి కార్బురేటరైనచో లోపల పెట్రోలు సన్నని ధారగా చిమ్మవలెను. చిమ్మినచో పెట్రోలున్నది, విద్యుత్తును వెదకుడు. చిమ్మనిచో పంపును, ఫిల్టరును వెదకుడు.

వేళ తెలిసిన పిదప పరీక్షలను వరుసగా చేయవలెను. తొలుత బ్యాటరీ కొసలును, ఇంజనునుండి చట్రమునకు పోవు ఎర్తుతీగయు బిగువుగా, శుభ్రముగా నున్నవేమో చూడుడు. తరువాత ప్లగ్గులు. లేత గోధుమరంగు ఆరోగ్యలక్షణము. పొడిమసి పెట్రోలు హెచ్చనియు, తెల్లదనము గాలి హెచ్చనియు తెలుపును. ఒక్క ప్లగ్గే వేఱుగానున్నచో ఆ సిలిండరునందే లోపమున్నది. అటుపిమ్మట డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు. 1489 ఘన సెంటీమీటర్ల అంబాసిడరు ఇంజనులో వాని యెడము సుమారు 0.4 మిల్లీమీటరు, ప్లగ్గు యెడము సుమారు 0.6 మిల్లీమీటరు ఉండవలెను. పాయింట్ల మడమ అరిగినకొలది యెడము తగ్గి, రవ్వ పుట్టు సమయమును వెనుకబడును. ఇవి సరిచేయకయే కార్బురేటరును తిప్పుట వృథా ప్రయాస.

తరువాత గాలి దొంగచాటుగా చొచ్చు తావులను వెదకవలెను. కార్బురేటరు క్రింది గ్యాస్కెట్టు, బ్రేకు సర్వోకు పోవు రబ్బరు గొట్టము, డిస్ట్రిబ్యూటరునకు పోవు సన్నని గొట్టము, ఇవి ముఖ్యమైనవి. ఒక రబ్బరు గొట్టపు కొసను చెవియొద్ద నుంచుకొని రెండవ కొసను ఆ తావులయొద్ద త్రిప్పినచో బుసబుస వినబడును. అట్లు చేయునప్పుడు చేయియు బట్టలును ఫ్యానునకు, బెల్టునకు దూరముగా నుండవలెను. సర్వో గొట్టమును పట్టకారుతో మెల్లగా నొక్కగనే ఇంజను కుదుటపడినచో దొంగ దొరకినట్లే.

ఈ పరీక్షలన్నియు గడచిన పిదపనే మందగతి జెట్టును విప్పి గాలి యూది శుభ్రపఱపవలెను. తీగతో పొడువరాదు, ఇత్తడి మెత్తనిది, రంధ్రము పెద్దదైనచో మరల చిన్నది కాదు. చివరకు, ఇంజను వేడెక్కియుండగా, మర. సోలెక్సు వంటిదానిలో మిశ్రమపు మరను మెల్లగా లోనికి బిగించి, ఒకటిన్నర చుట్టు వెనుకకు త్రిప్పి, అచ్చటినుండి ఇంజను మిక్కిలి సాఫీగా తిరుగు తావును వెదకవలెను. మోరిస్ మైనరు వంటి ఇంగ్లండు బండ్లలోని ఎస్.యూ. కార్బురేటరునకు మఱియొక పరీక్ష కలదు. దాని పిస్టనును మిల్లీమీటరు కంటె తక్కువగా పైకెత్తినప్పుడు వేగము కొంచెము పెరిగి వెంటనే కుదుటపడినచో మిశ్రమము సరి. పెరిగి యట్లే నిలిచినచో పెట్రోలు హెచ్చు. ఇంజను ఆగబోయినచో పెట్రోలు తక్కువ.

ఇటీవలి విశేషమొకటి చెప్పవలసియున్నది. 2023 నుండి మన దేశమున నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు అమ్మకమునకు వచ్చినది. ఇథనాలు పూర్తిగా మండుటకు తూకమున సుమారు 9 పాళ్లు గాలియే చాలును. అనగా అదే గాలికి ఈ మిశ్రమ మింకను కొంచెము హెచ్చుగా కావలెను. కొత్త బండ్లలోని కంప్యూటరు ఈ భేదమును తానే సరిచేసికొనును. కార్బురేటరు జెట్టునకు ఆ తెలివి లేదు. నిన్నటివఱకు సరిగానున్న మందగతి నేడు పలుచనగుట కిది యొక కారణము. ఇథనాలు పాతకాలపు రబ్బరును చెఱచును, తేమను పీల్చుకొనును. కావున పాత గొట్టములను ఇథనాలునకు తాళునట్టివానితో మార్చుకొనుడు. బండిని నెలల తరబడి నిలుపదలచినచో ట్యాంకులో పాత పెట్రోలు నుంచకుడు.

ఇదంతయు కేవలము పెట్రోలు ఖర్చునకు సంబంధించిన మాట కాదు. రైలు గేటు దాటునప్పుడు ఆగిన ఇంజను ప్రాణాపాయకరము. సర్వో గల బండిలో ఇంజను ఆగినచో ఒకటి రెండు మాఱులు నొక్కిన పిదప బ్రేకు బరువెక్కును. అప్పుడు భయపడి కాలు తీయక బలముగా నొక్కవలెను. మూసిన షెడ్డులో ఇంజను నడపి పరీక్షింపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది మనిషిని నిద్రలోనే కొనిపోవును. పెట్రోలు పనిచేయు తావున చుట్ట, బీడీ, దీపము ఉండరాదు.

పాత బండి మూగజీవమువంటిది. తన బాధను మాటలతో చెప్పలేదు. ఆగిన వేళతో, ఆగిన తీరుతో చెప్పును. ఒక చిన్న పుస్తకము బండిలో నుంచి, ఇంజను ఆగినప్పుడెల్ల గంట, ఎండ, వేగము, ఆగిన విధము వ్రాసికొనుడు. నాలుగు పంక్తులు చేరునప్పటికి లోపము ఏ దిక్కున నున్నదో తెలియును. మెకానికు నొద్దకు పోయినను ఆ పుస్తకమును ముందు చూపుడు. స్క్రూడ్రైవరు తరువాత తీయవచ్చును.