సాగరం కడుపులో మట్టి
(మహిళల సభలో చెప్పిన మాటలు)



వానాకాలంలో వాగు నీళ్లు ఒక బిందెలో పట్టండి. ఎర్రగా ఉంటాయి. రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి పైన నీళ్లు తేరుకుంటాయి. అడుగున మట్టి పేరుకుంటది. పారే నీరు మట్టిని మోస్తుంది. నిలిచిన నీరు మట్టిని దించుతుంది. మన నిజాంసాగర్‌లో జరిగింది కూడా ఇదే.

మంజీర నది మహారాష్ట్రలో బాలాఘాట్ గుట్టల్లో పుట్టింది. కర్ణాటక దాటి మన దగ్గరికి వస్తుంది. ఈ నది మీద 1923లో ఆనకట్ట పని మొదలుపెట్టారు. 1931లో పూర్తిచేశారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు ముందుండి కట్టించాడు. కాలువల కింద బాన్సువాడ, బోధన్ వైపు వరి, చెరకు పండాయి. మెదక్-ఎల్లారెడ్డి దారిలో ఉన్న పోచారం చెరువు అంతకన్నా ముందే, 1922లో పూర్తయింది.

నీళ్లు నిండితే జనం చూడ్డానికి వస్తారు. సద్దులు కట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని వస్తారు. మత్తడి దుంకుతుంటే చూసి మురిసిపోతాం. కాని పైన నీళ్లే కనిపిస్తాయి. అడుగున ఏముందో కనిపించదు.

కట్టిన నాడు నిజాంసాగర్‌లో సుమారు 30 టి.ఎం.సి.ల నీళ్లు పట్టేవి. ఒక టి.ఎం.సి. అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. 1970ల నాటికి సుమారు 12 టి.ఎం.సి.లే పట్టాయి. అంటే 30 బిందెలు పట్టే గోలెంలో 12 బిందెలే పడుతున్నాయన్నమాట. మిగతాదంతా మట్టి! తర్వాత గేట్ల ఎత్తు పెంచి, సుమారు 18 టి.ఎం.సి.లకు తెచ్చారు.

కడుపు తగ్గిన చెరువుతో రెండు కష్టాలు. వాన ఎక్కువైతే తొందరగా పొంగుతుంది. వాన తక్కువైతే తొందరగా ఎండుతుంది. 2025 ఆగస్టులో కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు కుండపోత వాన కురిసింది. పోచారం పొంగి పొర్లింది. కింది ఊళ్లు భయపడ్డాయి. పాత కట్ట తట్టుకొని నిలిచింది.

మరి ఎండితే? కాలువ చివరి పొలానికి తడి అందదు. బావులు అడుగంటుతాయి. బిందె పట్టుకొని దూరం పోయేది ఎవరు? మనమే కదా!

ఈ మట్టి ఎక్కడిది? మన చెలకల పైమట్టి, పై ఊళ్ల చెలకల పైమట్టి. పంటకు బలం అదే. అది కొట్టుకపోతే చెలక బక్కచిక్కుతుంది. చెరువు పూడుతుంది.

కాబట్టి వాలుకు అడ్డంగా దున్నాలి. గట్లు వేసి గడ్డి పెంచాలి. వాగు ఒడ్డున చెట్లు కొట్టొద్దు. మన చిన్న చెరువుల్లో పూడిక తీయాలి. చిన్న చెరువు మట్టిని ఆపితే పెద్ద సాగరానికి అంత మట్టి పోదు. 2015 మార్చిలో మిషన్ కాకతీయ పని మన సదాశివనగర్‌లోనే మొదలైంది. చెరువు మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు. కాని ఒకసారి తీస్తే సరిపోదు. వాన వచ్చినప్పుడల్లా మట్టి వస్తూనే ఉంటది.

గ్రామసభకు పోండి. వెనక కూర్చోకండి. మన చెరువులో పూడిక ఎప్పుడు తీస్తారు? ఎంత తీస్తారు? ఆ మట్టి చిన్న రైతుకు దక్కుతుందా? ఈ మూడు ప్రశ్నలు అడగండి. జవాబు కాగితం మీద చూపమనండి. వేలిముద్ర వేసిన రోజులు పోయాయి. ఆ కాగితాన్ని మీరే చదవండి. లెక్క సరిచూడండి. సరిగ్గా ఉంటేనే సంతకం పెట్టండి.