విజయనగరం ఆడాలంటే ఏది కొనాలి?

1565లో తళ్లికోట దగ్గర ఓడిపోయాకే విజయనగర రాజధాని పెనుకొండకు, తర్వాత మన చంద్రగిరికి తరలింది. ఆ ఓటమి రాకుండా రాజ్యాన్ని మనమే నడుపుకునే కంప్యూటర్ ఆట ఒకటుంది, 'యూరోపా యూనివర్సాలిస్ 4'. 2013లో వచ్చింది. కథ 1444లో మొదలవుతుంది. సింహాసనం మీద రెండో దేవరాయలు, ఉత్తరాన బహమనీలు. చరిత్ర మీద ఆసక్తి ఉన్న పిల్లలకు ఇంతకంటే మంచి ఆట నాకు తెలియదు.

చిక్కల్లా అదనపు భాగాలతోనే. ఏళ్ల తరబడి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అన్నీ కొంటే అసలు ఆట ధరకు ఎన్నో రెట్లవుతుంది. ముందు ఆట ఒక్కటే కొనండి, విజయనగరం అందులోనే ఉంది. భారతదేశ పటాన్ని వివరంగా తిరగగీసిన మార్పు కూడా అందరికీ ఉచితంగానే అందింది. చెయ్యి తిరిగాక 2018 నాటి 'ధర్మ' తీసుకోండి. మన రాజ్యాలకు ప్రత్యేక లక్ష్యాలు, వర్తక కంపెనీల్లో పెట్టుబడులు అందులో ఉన్నాయి. అమెరికా, రష్యాల మీద వచ్చిన భాగాలు ఇప్పట్లో అక్కర్లేదు.

స్నేహితులు కలిసి ఆడేటప్పుడు, ఆటను నడిపించేవారి దగ్గరున్న భాగాలు మిగతావారికీ పనిచేస్తాయి. అందరూ కొనక్కర్లేదు, ఒక్కరు కొంటే చాలు. సెలవుల్లో మాత్రమే ఆడేవారికి, భాగాలన్నీ కొనడం కంటే వాటికి నెలవారీ చందా కట్టడం నయం. తొందర లేకపోతే, ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో వేసవి, శీతాకాలపు తగ్గింపుల దాకా ఆగండి. ఆట కొన్నాక నచ్చలేదా, 14 రోజుల్లోపు, 2 గంటలు ఆడకముందే అడిగితే డబ్బు వెనక్కిస్తారు.