మంద వెంట నడిచిన దారి

(సేవాలాల్ జయంతి సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగం)



ఏటా జూన్‌లో హాస్టల్లో కొత్త పిల్లల్ని చేర్చుకునేటప్పుడు దరఖాస్తులు మేమే దగ్గరుండి నింపిస్తాం. మొన్న ఒక పాప తండ్రి వృత్తి దగ్గర ‘కూలి’ అని రాసింది. సరే, తాత ఏం చేసేవాడమ్మా అని అడిగాం. “ఏమీ లేదు మేడం, గొడ్లు కాసేవాడు” అంది.

ఆ ‘ఏమీ లేదు’ అన్న మాట గురించే ఈరోజు మాట్లాడదామని వచ్చాం. ఎందుకంటే ఒకప్పుడు మేమూ అదే మాట అన్నవాళ్లమే.

మన గోర్ జాతి పుట్టిందే పశువుల మంద వెంట. వందల వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని, సముద్ర తీరం నుంచి దక్కను దాకా నడిచిన జాతి మనది. ఆ వ్యాపారాన్ని మన పెద్దలు లదేణి అన్నారు. మొగలు సైన్యాలకు తిండి మోసింది మన ఎద్దులే. 1791, 92ల్లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికి ధాన్యం చేర్చిందీ బంజారాలే. 1739లో పుట్టిన మన సేవాలాల్ మహారాజ్ కూడా మంద కాసినవాడే. తర్వాత రైళ్లు వచ్చాయి, రోడ్లు వచ్చాయి, ఎద్దు మోసే బరువు బోగీ మోసింది. బతుకుతెరువు పోయినవాళ్ల మీద 1871 నాటి నేరస్థ తెగల చట్టం పడింది. మన జాతితో పాటు ఎన్నో సంచార జాతులకు ఆ చట్టం పుట్టుకతోనే దొంగ ముద్ర వేసింది. స్వతంత్రం వచ్చిన ఐదేళ్లకు, 1952లో గానీ ఆ ముద్ర చట్టం పుస్తకాల్లోంచి పోలేదు. లదేణి పోయింది కానీ పశువులు పోలేదు. తండాలు అడవి అంచున నిలిచాయి, మోసే ఎద్దుల మంద పోయి పాడి ఆవుల మంద మిగిలింది.

మా మైలవరం అలాంటి అంచు ఊరే. బెజవాడ నుంచి తిరువూరు వెళ్లే దారిలో కాలువ నీళ్ల పొలాలు వెనకబడి ఎర్రనేల, గుట్టలు, మామిడి తోటలు మొదలయ్యే చోటు. ఒక పక్క కొండపల్లి అడవి, మరో పక్క నూజివీడు తోటలు. తిరువూరు దాటితే ఒకప్పుడు నైజాం రాజ్యం, ఇప్పుడు తెలంగాణ. అటువాళ్లూ ఇటువాళ్లూ కలిసే దారి కాబట్టి ఊళ్లో నాలుగు రకాల మాటలు వినపడేవి. మాకు మాత్రం మూడే. ఇంట్లో గోర్‌బోలి, బజార్లో తెలుగు, మందతో ఇంకో భాష.

ఆ మూడో భాష మీకు తెలియదు. నల్లావు కాళీ, తెల్లావు ధోళీ, ఎర్రావు రాతీ. నలభై ఆవుల్లో ఏది ఏ తల్లి బిడ్డో మా బాపు చీకట్లో మెడ తడిమి చెప్పేవాడు. పళ్లు చూసి వయసు చెప్పేవాడు. రెండు పళ్లా, నాలుగు పళ్లా, కడపళ్లు వేసిందా అని. సుళ్లు చూసి కొనేవాడు, నడక చూసి రోగం పట్టేవాడు. అక్షరం రాని మనిషి. అయినా ఏ ఆవు ఏ నెలలో ఈనుతుందో, ఎవరి తోటలో ఎన్ని రాత్రులు మంద కట్టామో, ఎన్ని కుంచాల వడ్లు రావాలో ఒక్కటీ తప్పేది కాదు.

మంద కట్టడం అంటే ఏమిటో చెప్పాలి మీకు. వేసవిలో తోటల్లో కాయ కోసేశాక, తొలకరికి ముందు, రైతులు మా మందను రాత్రిళ్లు తోటలో నిలపమని పిలిచేవారు. పేడ, మూత్రం నేలలో ఇంకితే అదే ఎరువు. రాత్రికి ఇంత అని వడ్లు కొలిచేవారు. నూజివీడు రసాలు అని గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ చెట్ల కింద మన పశువుల సత్తువ కూడా ఉంది. ఆ రాత్రులు మేమూ గోనెపట్టా వేసుకుని బాపు పక్కన పడుకునేవాళ్లం. రాలిన కాయలు మావి. ఎన్ని తింటే అన్ని.

వానలు పడితే పొలాల్లో పంట ఉంటుంది కాబట్టి మంద గుట్టల వైపు వెళ్లేది. ఆషాఢంలో శీతళా పండుగ. తండా బయట ఏడుగురు తల్లుల పేరున ఏడు రాళ్లు నిలిపి, మందను తోలుకొచ్చి, వాటి మీద గుగ్గిళ్లు చల్లేవాళ్లం. పశువులకు జబ్బు రాకూడదని మొక్కు. మొక్కితే సరిపోదని బాపుకూ తెలుసు. గాలికుంటు టీకా వేస్తున్నారంటే పశువుల డాక్టరు రాకముందే మందను వరసగా కట్టి ఉంచేవాడు.

వారానికోసారి నెయ్యి గిన్నె, పాల క్యాన్లతో మైలవరం బజారుకు నడక. హోటళ్లకు పాలు పోసి, నెయ్యి అమ్మి, ఉప్పు, మిరపకాయలు, దీపానికి కిరసనాయిలు కొనేవాళ్లం. తూకంలో మోసం జరిగేది, అందరికీ కాకపోయినా మనకు ఎక్కువ జరిగేది. యాడి మాత్రం అద్దాల పేటియా, గాజులు వేసుకుని, ఎవరు ఎలా చూసినా తల దించకుండా, తూకం మళ్లీ వేయించేది. పశువుల బేరాలు మగవాళ్లవి. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర మాట్లాడుకునేవారు. చుట్టూ నిలబడ్డ వాళ్లకు చేతులు కదలడమే కనిపించేది. బాపు ముఖం చూసి లాభమో నష్టమో మేం పసిగట్టేవాళ్లం.

ఇదంతా చెప్పి, పాతకాలం బంగారం అనడం లేదు. మంద ఉన్న ఇంట్లో పిల్లలకు బడి లేదు. ఆడపిల్లలకైతే అసలే లేదు. మా అక్కచెల్లెళ్లం బడికి వెళ్లామంటే బాపు ఒక్కడే రెండు మనుషుల పని చేశాడని అర్థం.

మెల్లగా తోటల చుట్టూ ముళ్లకంచెలు వచ్చాయి. ఎరువు బస్తాలు వచ్చాక మంద కట్టమని పిలిచేవాళ్లు తగ్గారు. ఒక జనవరిలో పూతకు మందు కొట్టిన తోట గట్టున గడ్డి మేసి మూడు ఆవులు పడిపోయాయి. అందులో ధోళీ ఉంది, చూడిది. మందు కొట్టామని మాకెవరూ చెప్పలేదు. అడగడానికి వెళ్లిన బాపును గేటు దగ్గరే నిలబెట్టి పంపేశారు.

గేటు అంటే గుర్తొచ్చింది. అసలు మాట ఇప్పుడు చెప్పాలి.

మేం హాస్టల్లో ఉండి హైస్కూలు చదివేటప్పుడు ఒక ఆదివారం బాపు నెయ్యి సీసా పట్టుకుని వచ్చాడు. కాళ్లకు పేడ, భుజాన గొంగడి. తోటి పిల్లలు “ఎవరే ఆయన?” అన్నారు. మేం బయటికి వెళ్లలేదు. స్నానం చేస్తున్నామని చెప్పించాం. ఆయన చాలాసేపు నిలబడి, సీసా వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్లిపోయాడు. తోట గేటు దగ్గర ఆయన్ని నిలబెట్టిన వాళ్లకూ మాకూ ఆ రోజు తేడా లేదు.

ఆ తర్వాత రెండేళ్లకు టీచర్ ట్రైనింగ్‌లో సీటు వచ్చింది. మిగిలిన పదకొండు ఆవులూ ఒకేసారి అమ్మేశాడు బాపు. కొన్నవాడికి పలుపులు మాత్రం ఇవ్వలేదు. అవి ఇంటి దూలానికి చాలా కాలం వేలాడాయి. ఆ ఆదివారం గురించి ఆయన ఏనాడూ ఒక్క మాట అనలేదు. మేమూ అడగలేదు. అడిగి ఉండాల్సింది. ఇప్పుడు ఆయన లేడు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మిమ్మల్ని గొడ్లు కాయమనడం లేదు. చదవండి, ఉద్యోగాలు చేయండి. మూడు పనులు మాత్రం అడుగుతున్నాం.

ఒకటి. మీ ఇంట్లో తాతో దాదీయో ఉంటే ఈ సెలవుల్లోనే కూర్చోబెట్టి అడగండి. ఆవు రంగులకు, రోగాలకు, గడ్డికి, దారులకు గోర్‌బోలిలో ఏ పేర్లు పెట్టారో ఫోన్లో రికార్డు చేయండి. మనకు సొంత లిపి లేదు. అడగని మాట వాళ్లతోనే పోతుంది.

రెండు. 2006 అటవీ హక్కుల చట్టం చదవండి. అది భూమి పట్టాల చట్టం మాత్రమే కాదు. అడవిలో పశువులు మేపుకునే హక్కు, సంచార పశుపోషకుల హక్కు అందులో ఉన్నాయి. ఇంకా మంద ఉన్న తండాల్లో పెద్దలకు ఆ మాట చదివి వినిపించేది మీరే కావాలి.

మూడు. మీ కోసం ఎవరైనా పేడ కాళ్లతో హాస్టల్ గేటు దగ్గరికి వస్తే పరుగెత్తుకుని వెళ్లండి. మా హాస్టల్లో తల్లిదండ్రులు వస్తే గేటు బయట నిలబెట్టకూడదన్నది మేం వార్డెన్ అయిన మొదటి రోజు పెట్టుకున్న నియమం. వాళ్లకు కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చాకే పాపను పిలుస్తాం.

ఆ పాప దరఖాస్తు మళ్లీ తీశాం. తాత వృత్తి రాసే గడి అందులో లేదు. మార్జిన్‌లో మేమే రాయించాం: పశుపోషకుడు, నలభై ఆవుల మంద. పాప చదువుకుని నవ్వింది.

రాం రాం. జై సేవాలాల్.