ఆకలియు, విశ్వాసమును



1876–78 నాటి ధాత కరువులో ఒంగోలునందలి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు గైకొని, వేలాది క్షామపీడితులకు కూలి కల్పించెను. అచ్చటనే బోధయు సాగెను. క్రైస్తవులు కాగోరువారు నానాటికి పెరిగిరి. అయినను ఆయన పదునైదు నెలలపాటు బాప్తిస్మము లొసగుట నిలిపివైచెను. అన్నమునకై వచ్చిన వాడెవడో, ఆత్మార్థియై వచ్చిన వాడెవడో, ఆకలివేళ ఎట్లు తెలియును?

కరవు సాయము ముగిసినదని తెలిపిన పిమ్మటను జనులు మరలిపోలేదు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లికడ 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆకలిగొన్నవాడు అన్నమునకై వచ్చుట దోషము కాదు. వాని ఉద్దేశమును శోధించుట సులభము. పెట్టువాడు తన ఉద్దేశమును శోధించుకొనుటయే కష్టము. పెట్టినది దయచేతనా, సంఖ్య పెరుగవలెననియా, పేరు నిలువవలెననియా? ధర్మము రహస్యముగా చేయవలెనని క్రీస్తు కొండమీద బోధించినది ఇందులకే.

జమాఖర్చు చిట్టాలో అంకెలెక్కును గాని ఉద్దేశము లెక్కవు. ఆ పద్దును ఎవరికివారే, దీపమార్పిన పిమ్మట, తనిఖీ చేసికొనవలెను.