మన బ్రతుకు కథ మనమే వ్రాసికొందము
(జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల సంఘస్థుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఆదివారము ఆరాధనలో సాక్ష్యము చెప్పుమనగా మన పెద్దలు లేచి పావుగంటసేపు తడబడకుండ చెప్పుదురు. కరవులో పడిన పాట్లు, బిడ్డకు జబ్బుచేసిన రాత్రి, తీరిన అప్పు, అన్నియు చెప్పుదురు. ఆ మాటలనే కాగితముపై పెట్టుమనగా "మా బ్రతుకులో ఏమున్నదయ్యా వ్రాయుటకు?" అందురు. నోటికి లేని సంకోచము కలమునకు ఎక్కడినుండి వచ్చినది?

మా ఇంటి సంగతియే చెప్పుదుము. మా నాయన చిన్నతనమున పశువులు కాచి, రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొనిరి. ఆ కథ వ్రాయుమని నోటుబుక్కు కొని ఇచ్చితిమి. "నాట్లు పడనీ" అనిరి. పిదప "కోతలు కానీ" అనిరి. ఆయన పోయిన తరువాత పెట్టె తెరచి చూడగా ఆ పుస్తకములో మూడే పంక్తులున్నవి: తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు. తప్పు ఆయనదే కాదు. పుస్తకము ఇచ్చితిమి గాని, ప్రక్కన కూర్చుండి ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు.

1912లో దోర్నకల్ ప్రథమ అధ్యక్షులైన అజరయ్యగారిని గూర్చి గ్రంథములు వెలువడినవి. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయమును అందరును మెచ్చుకొందురు. ఆ గోడలకు రాళ్ళెత్తిన చేతులెవరివి? బాప్తిస్మపు రిజిస్టరులో పేరు, తేదీ దొరకును. ఆ మనిషి ఎందుకు వచ్చెనో, ఇంటివారేమనిరో, ఆ సాయంత్రము ఏ బావికాడ నీళ్ళు తోడనీయలేదో రిజిస్టరు చెప్పదు. ఆ మనిషియే చెప్పవలెను.

"మాకు పుస్తకాల భాష రాదు" అని కొందరందురు. జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన సోమనాథుడు పదమూడవ శతాబ్దములోనే జనులకు తెలిసిన జాను తెనుగు మేలని ద్విపదలో కావ్యములు వ్రాసెను. మన యాసకు మనమేల సిగ్గుపడవలెను? మహబూబాబాదు జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి సోదరులలో కృష్ణమాచార్యులు 'యాత్రాస్మృతి'ని, రంగాచార్యులు 'జీవనయానం'ను వ్రాసిరి. జాషువగారు అంటరానితనపు అవమానములను దాచక 'నా కథ'ను పద్యములలో చెప్పిరి.

వారు కవులు గదా అందురేమో. పాలకుర్తిలోనే తన భూమికొరకు, పంటకొరకు దొరకు ఎదురు నిలిచిన చిట్యాల ఐలమ్మ కవి కాదు. ఆమెయు, తెలంగాణ సాయుధ పోరాటములో పాల్గొనిన ఇతర స్త్రీలును నోట చెప్పగా విని, స్త్రీ శక్తి సంఘటనవారు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అను పుస్తకము వెలువరించిరి. ఐలమ్మ 1985లోనే కన్నుమూసిరి. అడుగవలసినవారు మరికొంత ఆలస్యము చేసియుండినయెడల ఆ మాటలు ఆమెతోనే పోయెడివి.

మరి ఎట్లు మొదలుపెట్టవలెను? పుట్టిన తేదీనుండి వరుసగా వ్రాయనక్కరలేదు. ఒక్క దినమును పట్టుకొనుడి. భూపాలపల్లిలో బొగ్గుబాయిలోనికి మొదటి షిఫ్టుకు దిగిన దినము కావచ్చును. జనగామ దిక్కున బావి ఎండిన వేసవి కావచ్చును. మానుకోటలో మిర్చి బస్తాల ప్రక్కన పండుకొనిన రాత్రి కావచ్చును. ఆ దినమున చూచినది, విన్నది, తిన్నది ఒక్క పుట వ్రాయుడి. మరునాడు మరొక పుట. అక్షరదోషములు పిల్లలు దిద్దుదురు. వ్రాయలేనివారు చెప్పుడి, మనుమరాలు వ్రాయును. సెల్‌ఫోనులోనైనను మాట పట్టి ఉంచును.

ఇంకొక సంకోచము కలదు: మన తప్పులు బయటపడునేమో అని. పౌలు అగ్రిప్ప రాజు ఎదుట తన కథ చెప్పునపుడు తాను పరిశుద్ధులను హింసించిన సంగతి దాచలేదు. ఇరుగుపొరుగువారి గుట్టు మనకు వలదు. మన తప్పును మాత్రము ఒప్పుగా దిద్ది వ్రాయవలదు. మనుమలు నమ్మునది నిజమునే.

మా నాయన పుస్తకములో నాలుగవ పంక్తి మేము వ్రాసితిమి. రాత్రిబడి కందిలి గూర్చి, పలక లేక నేలమీద దిద్దిన అక్షరముల గూర్చి, ఆయన ఎప్పుడో అన్న రెండు మాటలే మాకు జ్ఞాపకమున్నవి. ఎవరు నేర్పిరని అడుగుదమనిన ఇప్పుడు ఆయన లేరు. మీ ఇండ్లలో చెప్పువారు ఇంకను ఉన్నారు. ఈ రాత్రి భోజనములైన పిమ్మట వారి ప్రక్కన కూర్చుండి ఒక్క ప్రశ్న అడుగుడి. మొదటి పంక్తి ఈ రాత్రియే పడునుగాక.