ఉప్పునీటి తొట్టిలో నాచు పెంపకం - జమాఖర్చులు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల మీద మాట్లాడమంటే గంటసేపు ఆపకుండా మాట్లాడగలను. కాని ఆ పని చేయడానికి ఇప్పటికే నలుగురు పేర్లిచ్చారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు ఆరు నెలలు అమెరికాలో ఉండి వచ్చారు గదా, అక్కడి సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. నయాగరా జలపాతం గురించి మీలో చాలామంది ఫోటోలతో సహా చెప్పేశారు. అందుచేత నేను డల్లాస్ దగ్గర మా అమ్మాయి ఇంట్లో రోజూ చూసిన నాచును గురించి మనవి చేస్తాను. నవ్వకండి. మన పిల్లలు ఆఫీసులకు, మనవలు బడులకు వెళ్ళిపోయాక పగలంతా ఆ ఇళ్ళలో ఉండేది మనమే. ఇంట్లో అటువంటి తొట్టి ఉంటే దాని కాపలాదారులమూ మనమే. ముందుగా నాలుగు సంగతులు తెలిసి ఉంటే మంచిది.

మా అల్లుడుగారు పెట్టుకున్నది మామూలు చేపల తొట్టి కాదు. సముద్రపు నీటితో బ్రతికే పగడాల తొట్టి. రీఫ్ అక్వేరియం అంటారు. తొట్టి, దాని కింద అలమారాలో ఉన్న సంపు కలిపి 75 గ్యాలన్లు, అంటే సుమారు 284 లీటర్లు. మన ఇళ్ళలో సంపు అంటే మునిసిపాలిటీ నీళ్ళు పట్టే గుంట. అక్కడ సంపు అంటే తొట్టిలోని నీరు కిందికి దిగి, శుభ్రపడి, పంపు ద్వారా మళ్ళీ పైకి వెళ్ళే చిన్న గాజు పెట్టె. లీటరుకు 35 గ్రాముల చొప్పున ఉప్పు ఉండాలి. నీరు ఆవిరైతే మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు పోయకూడదు, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు గదా. ఈ ఒక్క సంగతి నాకు మొదటి రోజే చెప్పారు.

పగడం రాయి కాదు, మొక్క కాదు, జంతువు. దాని కండలోనే కంటికి కనపడని నాచు కాపురముంటుంది. ఆ నాచు వెలుతురులో ఆహారం తయారుచేసి అందులో అధిక భాగం పగడానికి ఇస్తుంది. వేడి ఎక్కువై ఆ నాచు వెళ్ళిపోతేనే పగడాలు తెల్లబడిపోయాయని పేపర్లలో చదువుతుంటాం. కనుక నాచు లేకుండా ఆ తొట్టే లేదు. ఏ నాచు, ఎక్కడ, ఎంత అన్నదే ప్రశ్న.

ఇప్పుడు లెక్కలోకి వస్తాను. మీకు తెలుసు, నా సర్వీసంతా ట్రెజరీలో గడిచింది.

చేపకు వేసిన మేత తొట్టి ఖాతాలో పడిన జమ. చేప తిన్నా, తినకుండా వదిలేసినా అది చివరకు అమ్మోనియా అవుతుంది. బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తుంది. అక్కడితో చాలా తొట్లలో ఫైలు ఆగిపోతుంది. రోజూ మేత పడుతూనే ఉంటుంది, నైట్రేట్, ఫాస్ఫేట్ పేరుకుంటూనే ఉంటాయి. అవి ఎక్కువైతే అద్దాల మీద, రాళ్ళ మీద, చివరకు పగడాల మీద జుట్టులాంటి పాచి అల్లుకుంటుంది. మనం కోరని పాచి రాకుండా ఉండాలంటే మనం కోరిన నాచును వేరేచోట పెంచి, దాని తిండి దీనికి పెట్టాలి. మొత్తం కిటుకు ఇదే. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ అనే శాస్త్రవేత్త 1980ల తొలి సంవత్సరాలలోనే పగడాల తొట్టి నీటిని నాచు పలకల మీదుగా పారించి శుభ్రపరచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఇళ్ళలో ఎక్కువగా చేసేది ఇంకా తేలిక. సంపులో ఒక గది కట్టి, పైన చిన్న ఎల్.ఇ.డి. దీపం పెట్టి, అందులో కీటోమార్ఫా అనే నాచును వేస్తారు. చూడటానికి గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు చిక్కుపడినట్టు ఉంటుంది. దానికి వేళ్ళు లేవు, దేనినీ పట్టుకోదు. తేలుతూ పెరుగుతుంది.

ఇందులో అసలు రహస్యం ఒకటుంది. మన ట్రెజరీలో సస్పెన్స్ ఖాతా ఉండేది గుర్తుందా? ఏ పద్దులో వేయాలో తేలని సొమ్మును తాత్కాలికంగా అందులో ఉంచేవాళ్ళం. అక్కడ పడినంత మాత్రాన లెక్క తేలినట్టు కాదు, సర్దుబాటు చేసి తీసేయాలి. నాచు కూడా అంతే. అది నైట్రేట్‌ను మింగి తన ఒంట్లో దాచుకుంటుందే గాని మాయం చేయదు. కోసి బయటికి తీసినప్పుడే ఆ పద్దు రద్దవుతుంది. కోయకుండా వదిలితే అడుగు భాగానికి వెలుతురందక కుళ్ళి, తిన్నదంతా వడ్డీ లేకుండా తిరిగి ఇచ్చేస్తుంది. తొట్టిలో నాచు పచ్చగా దట్టంగా ఉందని మురిసిపోయి ముట్టుకోనివారు సస్పెన్స్ ఖాతాలో నిల్వ చూసి సంతోషించే గుమాస్తాల వంటివారు.

నేను 2023 సెప్టెంబరులో వెళ్ళేసరికి ఆ తొట్టి నీటిలో నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములుంది. పగడాల తొట్లలో మామూలుగా 2 నుంచి 10 లోపు ఉంచాలని చూస్తారు. నాకు ఊరుకోబుద్ధి కాక ఒక రిజిస్టరు తెరిచాను. తేదీ, నైట్రేట్, కోసిన నాచు బరువు. వంటింటి త్రాసు వాడినందుకు మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మొదటి నెల గడిచాక పదిహేను రోజులకొకసారి సుమారు 400 గ్రాములు తీయగలిగాం. ఉజ్జాయింపు లెక్క చూడండి. తడి నాచులో పదింట తొమ్మిది వంతులు నీరే అనుకుంటే మిగిలేది 40 గ్రాములు. అందులో నత్రజని ఒక గ్రాము ఉన్నా, అది నాలుగున్నర గ్రాముల నైట్రేట్‌తో సమానం. 284 లీటర్లకు పంచితే లీటరుకు 15 మిల్లీగ్రాముల పైచిలుకు. 40 ఉన్న నీటిలో అంత తగ్గించాలంటే నూరు లీటర్లకు పైగా నీరు మార్చాలి. దానికి మూడున్నర కిలోల ఉప్పు, శుద్ధిచేసిన నీరు, బకెట్లు మోసే నడుము కావాలి. నడుము సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. డిసెంబరు మొదటికి నైట్రేట్ 8కి దిగింది.

ఇతర లాభాలు కూడా ఉన్నాయి. పైతొట్టి దీపాలు ఆర్పాక సంపులో దీపం వెలిగిస్తారు. రాత్రిళ్ళు తొట్టిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి నీటి క్షారగుణం తగ్గుతుంది. ఆ వేళ నాచు కిరణజన్య సంయోగక్రియ జరుపుతూ ఆ వాయువును పీల్చుకుంటుంది గనుక తేడా అంతగా ఉండదు. నాచు పీచులో నలుసులంత రొయ్యజాతి పురుగులు పుట్టి పెరిగి చేపలకు మేతగా పైకి వెళతాయి. రాళ్ళ మీద గులాబిరంగు గార పూసినట్టు పెరిగే మరో నాచు ఉంది. అది వచ్చిందంటే తొట్టి కుదుటపడిందని సంబరపడతారు. అద్దం మీద పడితే మాత్రం గీకలేక చేతులు పడిపోతాయి.

ఇక ఖర్చు వైపు. తెగిన పీచులు పంపులో ఇరుక్కుంటాయి. నీరు కొంచెం పసుపు పచ్చబడుతుంది, దానికి బొగ్గు పొడి సంచి వేయాలి. నాచు ఇనుము వంటి ఖనిజాలను కూడా లాగేస్తుంది. శుభ్రం మరీ ఎక్కువైనా ప్రమాదమే. అల్లుడుగారి స్నేహితుడొకరు పట్టుదలకు పోయి నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు దించారు. పగడాలు పాలిపోయి, ఇసుక మీద గోధుమరంగు జిగురు తీగలు లేచాయి. డైనోఫ్లాజెల్లేట్లట. వాటిని వదిలించుకోవడానికి ఆయనకు ఐదు నెలలు పట్టింది. లెక్క సున్నాకు రావడం ట్రెజరీలో గొప్ప, తొట్టిలో కాదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు కాలెర్పా అనే నాచుతో. దుకాణంవారు కీటోమార్ఫాతోపాటు ద్రాక్షగుత్తుల వంటి కాలెర్పా కూడా ఇచ్చారు. చూడముచ్చటగా ఉంటుంది, త్వరగా పెరుగుతుంది. జపాన్, ఫిలిప్పీన్స్ దేశాలలో దాని జాతివి కూరగా తింటారు కూడాను. విశేషమేమంటే ఎంత పొడవున్నా ఆ మొక్కంతా ఒకే ఒక్క జీవకణం. దానికొక గుణముంది. ఉన్నట్టుండి ఒక తెల్లవారుజామున తన లోపలి సరుకంతా బీజాలుగా నీటిలోకి వదిలేసి తాను చచ్చిపోతుంది.

డిసెంబరు రెండో వారంలో అది జరిగింది. ఈ వయసులో నాలుగింటికే మెలకువ వస్తుంది గదా, హాల్లోకి వచ్చి చూస్తే తొట్టి నీరు పచ్చి పాలలో ఆకుపసరు కలిపినట్టుంది. రెండు క్లౌన్ చేపలు నీటి పైభాగానికి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. సంపులో కాలెర్పా తీగలు గాజు గొట్టాల్లా తెల్లగా వేలాడుతున్నాయి. అల్లుడుగారు పనిమీద వేరే ఊళ్ళో ఉన్నారు. అమ్మాయిని లేపి ఫోను చేయించాను. "మావయ్యగారూ, ముందు గాలి పంపు వేయండి. తెల్లబడినదంతా చేత్తో తీసి బకెట్లో వేయండి. గ్యారేజీలో కలిపి ఉంచిన ఉప్పునీళ్ళున్నాయి, నెమ్మదిగా మార్చండి" అన్నారాయన. అమ్మాయి నీళ్ళు మోసింది, నేను మోచేతుల దాకా ముంచి తీగలు ఏరాను. నీరు మార్చకముందు పరీక్షిస్తే 8 ఉన్న నైట్రేట్ 20 అయింది. మూడు నెలల్లో దాచినది ఒక్క రాత్రిలో తిరిగి ఇచ్చేసింది. తెల్లవారేసరికి చేపలు కుదుటపడ్డాయి. పగడాలు మూడు రోజులు ముడుచుకునే ఉన్నాయి. చేపల ఒళ్ళు శుభ్రంచేసే ఎర్రచారల రొయ్య మాత్రం దక్కలేదు. మా మనవడికి పదేళ్ళు. దానికి రెండేళ్ళుగా చేత్తో మేత పెడుతున్నాడు. "తాతయ్యా, నువ్వు చూసేటప్పటికి బ్రతికే ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. కాగితంలో చుట్టి పెరట్లో పూడ్చి వచ్చి బడికి వెళ్ళాడు.

దీపం ఇరవైనాలుగు గంటలూ వెలిగిస్తే, తరచుగా కత్తిరిస్తే కాలెర్పా అలా చేయదని కొందరంటారు. నా మటుకు నేను ఇంట్లో అది వద్దంటాను. కీటోమార్ఫా ఒక్కటి చాలు.

కాలెర్పాను వద్దనడానికి ఇంకో పెద్ద కారణముంది. అది తొట్టి దాటితే జరిగేది చరిత్రలో ఉంది. 1984లో మధ్యధరా సముద్రంలో, మొనాకో ఓషనోగ్రాఫిక్ మ్యూజియం ఎదుట, సుమారు ఒక చదరపు మీటరు మేర కాలెర్పా టాక్సిఫోలియా కనిపించింది. ఫ్రాన్సుకు చెందిన అలెగ్జాండర్ మైనెజ్ అనే శాస్త్రవేత్త మొత్తుకున్నా తొలినాళ్ళలో పట్టించుకున్నవారు తక్కువ. తునక తెగితే తునకే మొక్క. పడవల లంగర్లకు చుట్టుకుని తీరం వెంట అనేక దేశాలకు పాకి, సముద్రపు గడ్డిని కప్పేసింది. అది అక్వేరియంలలో పెంచే రకమేనని తరువాత జన్యు పరీక్షలలో తేలింది. 2000లో అదే రకం కాలిఫోర్నియాలో కార్ల్స్‌బాడ్ దగ్గరి ఉప్పునీటి మడుగులో బయటపడింది. అక్కడివారు ఆలస్యం చేయలేదు. నాచు మీద టార్పాలిన్లు కప్పి లోపలికి క్లోరిన్ పంపారు. 2006లో పూర్తిగా పోయిందని ప్రకటించేనాటికి 70 లక్షల డాలర్లకు పైగా ఖర్చయింది. ఎవరో ఒకరు తొట్టి కడిగి పారబోసిన గుప్పెడు నాచుతోనే అది మొదలై ఉంటుందని భావిస్తారు.

మన దేశంలో సంగతి వేరు గాని పోలిక ఉంది. తమిళనాడులో మన్నార్ సింధుశాఖ తీరాన సాగుకోసం తెచ్చిన కప్పాఫైకస్ అనే విదేశీ నాచు క్రుసడై దీవి దగ్గర పగడాల మీద పరుచుకున్నట్టు 2008లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఆ సాగు ఎన్నో మత్స్యకార కుటుంబాలకు, ముఖ్యంగా స్త్రీలకు, కూడు పెట్టిందన్నదీ నిజమే. ఏ పద్దుకైనా రెండు పేజీలుంటాయి.

మీలో కొందరు నన్ను ముందే అడిగారు, "ఇటువంటి తొట్టి మనమూ పెట్టుకోవచ్చునా" అని. ప్రాణమున్న పగడాలు మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో 2001లోనే చేరాయి. సముద్రం నుంచి తెచ్చుకోవడం, కొనడం నేరం. కనుక ఆ సరదా అక్కడ పిల్లల ఇళ్ళలో తీర్చుకోవలసిందే.

అక్కడికి వెళ్ళినప్పుడు నాచు కోసే పని మీకు అప్పగిస్తే ఇలా చేయండి. పదిహేను రోజులకొకసారి మూడోవంతు ఉంచి మిగతాది తీయండి. తీసినదాన్ని సింకులో గాని, మురుగు కాలువలో గాని, చెరువులో గాని, సముద్రంలో గాని వేయవద్దు. ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి ఒక పగలు, ఒక రాత్రి ఫ్రీజరులో ఉంచి, తరువాత చెత్తబుట్టలో వేయండి. ఫ్రీజరులో పెట్టేముందు సంచి మీద ఇది తోటకూర కాదని రాయండి. మా ఇంట్లో ఒకసారి దాదాపు పప్పులో పడబోయింది.